డీఆర్ సైట్ దాకా స్టోరేజీ నెట్‌వర్క్: ఏ దూరానికి ఏ దారి

2021లో రెండు వారాల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో 11:40కి ట్రేడింగ్ ఆగిపోయింది. ప్రైమరీకీ (అసలు పని నడిచే సైటు) దగ్గరి డీఆర్ సైట్‌కీ (విపత్తులో పని అందుకునే డిజాస్టర్ రికవరీ సైటు) మధ్య ఇద్దరు టెలికాం ప్రొవైడర్ల లింకులూ ఆ దారిలో జరుగుతున్న తవ్వకాల వల్ల నిలకడ లేకుండా పోయాయి. లింకులు పోయినా ప్రైమరీకి ఏమీ కాకూడదు, డిజైన్ అదే. కానీ శాన్ (సర్వర్లనీ డిస్కులనీ కలిపే స్టోరేజీ నెట్‌వర్క్) అనుకోని తీరులో ప్రవర్తించి ప్రైమరీ సర్వర్లకే అందకుండా పోయిందని ఎక్స్ఛేంజ్ తర్వాత వివరణ ఇచ్చింది. మార్చి 10న ఫ్రాన్స్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్‌క్లౌడ్ డేటాసెంటర్ ఆవరణలో మంటలు లేచి ఎస్‌బీజీ2 భవనం పూర్తిగా కాలిపోయింది. పక్కనున్న ఎస్‌బీజీ1లో కొంత భాగం పోయింది, మిగతా రెండు భవనాలకూ కరెంటు తీసేయాల్సి వచ్చింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

స్ట్రాస్‌బర్గ్‌లో నష్టం కాపీని మరీ దగ్గర పెట్టుకోవడం వల్ల వచ్చింది. ఎక్స్ఛేంజ్‌లో మాత్రం దూరపు కాపీ కోసం వేసిన తీగే అసలుకి ఎసరు పెట్టింది. డీఆర్ కోసం స్టోరేజీ నెట్‌వర్క్‌ని సాగదీసేవాళ్లు ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి. వెండర్ల ప్రెజెంటేషన్లలో మొదటి స్లైడు ఎప్పుడూ బ్యాండ్‌విడ్త్ గురించే ఉంటుంది. నేను ముందు అడిగేది మాత్రం ఇది: లింకు తెగిన క్షణంలో ప్రైమరీలో నడుస్తున్న అప్లికేషన్‌కి ఏమవుతుంది? దీనికి సూటిగా జవాబు దొరకని ఆప్షన్ ఎంత వేగంగా పరిగెత్తినా నా జాబితాలో కిందికి పోతుంది.

కిలోమీటరుకి ఐదు మైక్రోసెకన్లు

ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కిలోమీటరుకి 5 మైక్రోసెకన్లు. 100 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి 1 మిల్లీసెకను. ఎంత డబ్బు పోసినా ఈ లెక్క మారదు. ఒక రైటు పూర్తవడానికి ఎన్నిసార్లు పోయి రావాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

మామూలు స్కజీ (సర్వర్ డిస్కుతో మాట్లాడే భాష) రైటు చూడండి. ముందు రైట్ కమాండ్ పోతుంది. అవతలి అర్రే (డిస్కుల పెట్టె) ‘సిద్ధంగా ఉన్నా, పంపు’ అంటుంది. అప్పుడు డేటా పోతుంది, చివర్లో స్టేటస్ తిరిగొస్తుంది. మొత్తం రెండు రౌండ్ ట్రిప్పులు. బ్రొకేడ్ ఫాస్ట్‌రైట్, సిస్కో రైట్ యాక్సిలరేషన్ లాంటివి చేసేదల్లా ఇవతలి స్విచ్చే ‘పంపు’ అని జవాబిచ్చేసి ఒక ట్రిప్పు తగ్గించడం. ఇక్కడో మాట. చాలా అర్రేల సొంత రెప్లికేషన్ (అవతలికి కాపీ చేయడం) ఇప్పటికే ఒక్క ట్రిప్పులో పని ముగిస్తుంది. అలాంటిచోట స్విచ్‌లో యాక్సిలరేషన్ లైసెన్సు కొంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టినట్టే. కొనే ముందు అర్రే వెండర్‌నే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

దూరం విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫైబర్ పక్షి ఎగిరినట్టు నేరుగా పోదు. రోడ్లు, రైలు పట్టాలు, వంతెనలు పట్టుకుని పోతుంది. మ్యాప్‌లో 60 కిలోమీటర్లున్న సైటుకి ఫైబర్ 85 కిలోమీటర్లు ఉందనుకుందాం. రౌండ్ ట్రిప్పు 0.85 మిల్లీసెకన్లు. లోకల్ రైటుకి 0.5 మిల్లీసెకను పడుతుంటే, ఒకదాని తర్వాత ఒకటి రాసే డేటాబేస్ లాగ్ (ప్రతి మార్పునీ వరసగా నమోదు చేసే ఫైలు) సెకనుకి 2000 రైట్లు చేస్తుంది. సింక్రనస్ రెప్లికేషన్ (అవతల రాశాకే జవాబిచ్చేది) ఆన్ చేసి రెండు ట్రిప్పులు కలిపితే ఒక్కో రైటుకి 2.2 మిల్లీసెకన్లు అవుతుంది, అంటే సెకనుకి సుమారు 450. ఒక్క ట్రిప్పే అయితే 1.35 మిల్లీసెకన్లు, సుమారు 740. అవతలి అర్రే తీసుకునే సమయాన్ని నేనిందులో కలపలేదు, కాబట్టి అసలు అంకెలు ఇంకా కిందికే ఉంటాయి. చాలా సెషన్లు సమాంతరంగా రాసే అప్లికేషన్‌కి ఈ దెబ్బ పెద్దగా తెలియదు. రాత్రి బ్యాచ్ జాబు ఒక్క థ్రెడ్‌లో నడుస్తుంటే మాత్రం తెల్లారేసరికి ముగియాల్సిన పని మధ్యాహ్నం దాకా సాగుతుంది. అందుకని టెస్టులో సగటు లేటెన్సీ (జవాబుకి పట్టే ఆలస్యం) చూసి తృప్తి పడకండి, బ్యాచ్‌ని నడిపి చూడండి.

సింక్రనసా, అసింక్రనసా

సింక్రనస్‌లో అవతల రాశాకే అప్లికేషన్‌కి ‘అయింది’ అని జవాబు వస్తుంది. ఆర్పీఓ, అంటే ప్రమాదంలో ఎంతసేపటి డేటా పోవచ్చన్న హద్దు, సున్నా అంటారు. ఆ సున్నా లింకు బతికున్నంతసేపే. లింకు తెగాక ప్రైమరీ రాస్తూనే ఉంటే అక్కణ్నుంచి నిమిషం నిమిషానికీ ఆర్పీఓ పెరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలోనే ప్రైమరీ కూడా పోతే కాగితం మీది సున్నా కాగితం మీదే ఉంటుంది. పైగా ఒకే వరద, ఒకే మంట ముందు లింకునీ ఆ తర్వాత ప్రైమరీనీ తీసుకుపోవడం అరుదేమీ కాదు.

అసింక్రనస్‌లో అప్లికేషన్ ఆగదు. రైట్లు జర్నల్‌లోనో (వరసగా దాచే చోటు) విడతలవారీ సైకిళ్లలోనో పోగై వెనకాల పోతుంటాయి. ఇందులో అందరూ తప్పే చోటు లింకు సైజు. రోజు మొత్తం మారిన డేటాని 24 గంటలతో భాగించి లింకు కొంటారు. అసలు చూడాల్సింది పీక్. పీక్‌లో సెకనుకి 120 ఎంబీ రైట్లు 20 నిమిషాలపాటు వస్తున్నాయనుకోండి, లింకు సెకనుకి 80 ఎంబీ మోస్తుంది. పీక్ ముగిసేసరికి 48 జీబీ వెనకబడి ఉంటుంది. అప్పటికి అవతలికి చేరిన ఆఖరి రైటు ఇవతల పుట్టి 400 సెకన్లయింది. అంటే ఆ క్షణంలో ప్రైమరీ పోతే ఆరున్నర నిమిషాలకు పైగా డేటా గల్లంతు. పీక్ తర్వాత రైట్లు సెకనుకి 30 ఎంబీకి తగ్గినా బాకీ తీరడానికి 16 నిమిషాలు పడుతుంది. జర్నల్‌కి 48 జీబీ చోటు లేకపోతే రెప్లికేషనే సస్పెండ్ అవుతుంది, అది మళ్లీ వేరే కథ. ఈ లెక్క మీ అర్రే పెర్ఫార్మెన్స్ గ్రాఫు ముందు పెట్టుకుని అయిదు నిమిషాల విరామాలతో మీరే వేయొచ్చు. నెలాఖరు, ఏడాది చివర రోజులు ఆ గ్రాఫులో తప్పకుండా ఉండాలి.

దూరం ఎంతుండాలి అన్న ప్రశ్నకి నియంత్రణ సంస్థలు కూడా తడబడ్డాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా ఆర్థిక నియంత్రణ సంస్థలు తెచ్చిన 2002 ముసాయిదాలో 200 నుంచి 300 మైళ్ల ప్రస్తావన ఉంది. 2003 ఏప్రిల్‌లో వచ్చిన తుది పత్రం మాత్రం కనీస దూరమంటూ ఏదీ విధించలేదు. 300 మైళ్లంటే దాదాపు 480 కిలోమీటర్లు. అంత దూరానికి సింక్రనస్ అంటే ప్రతి రైటుకీ కనీసం 4.8 మిల్లీసెకన్లు కలుస్తాయి, అదీ ఫైబర్ నేరుగా పోతే. ఒకే రెండో సైటుతో సున్నా నష్టమూ కావాలి, ప్రాంతం మొత్తం మునిగినా నిలబడాలి అంటే కుదరదు. రెండూ కావాల్సినవాళ్లు మూడు సైట్లకి పోతారు: కొన్ని పదుల కిలోమీటర్లలో సింక్రనస్ కాపీ ఒకటి, వందల కిలోమీటర్ల అవతల అసింక్రనస్ కాపీ ఇంకొకటి. ఖర్చు తడిసి మోపెడవుతుంది, అయినా పెద్ద బ్యాంకులు, ఎక్స్ఛేంజీలు దీన్నే పట్టుకుంటాయి.

డార్క్ ఫైబర్, డీడబ్ల్యూడీఎం

సైట్ల మధ్య ఖాళీ ఫైబర్ జత (డార్క్ ఫైబర్) లీజుకి దొరికితే శాన్ ప్రోటోకాల్ అయిన ఫైబర్ ఛానెల్‌ని నేరుగా దాని మీదే నడపొచ్చు. మామూలు లాంగ్‌వేవ్ ఆప్టిక్స్ 10 కిలోమీటర్లు పోతాయి, ఎక్స్‌టెండెడ్ రకాలు 40 నుంచి 80 దాకా. 1550 నానోమీటర్ల దగ్గర ఫైబర్ కిలోమీటరుకి 0.2 నుంచి 0.25 డెసిబెల్ కాంతిని తింటుంది, ప్రతి స్ప్లైసూ కనెక్టరూ ఇంకొంచెం తింటాయి. ఈ పద్ధతిలో మధ్యలో ఇంకో ప్రోటోకాల్ ఉండదు, లేటెన్సీ దాదాపు కాంతి వేగానికి తగ్గట్టే ఉంటుంది.

అయితే ఫైబర్ ఛానెల్‌కి క్రెడిట్ల పద్ధతి ఉంది. అవతలి పోర్టు ఎన్ని బఫర్లు ఖాళీగా ఉన్నాయని చెబితే అన్ని ఫ్రేములే పంపాలి. ఒక్కో ఫ్రేము చేరాక జవాబొస్తేనే ఇంకోటి పంపడానికి వీలవుతుంది. దూరం పెరిగితే ఆ జవాబు ఆలస్యమవుతుంది. వాడుకలో ఉన్న లెక్క సులువు: కిలోమీటర్ల దూరాన్ని జీబీపీఎస్‌ వేగంతో గుణించి రెండుతో భాగిస్తే, నిండు ఫ్రేములకి కావాల్సిన క్రెడిట్లు వస్తాయి. 100 కిలోమీటర్లకి 8 జీబీపీఎస్ అయితే 400. పైన అనుకున్న 85 కిలోమీటర్లకి 16 జీబీపీఎస్ అయితే 680. ఫ్రేములు సగటున సగం సైజే ఉంటే దీనికి రెట్టింపు పెట్టాలి. క్రెడిట్లు చాలకపోతే ఏ అలారమూ మోగదు. 400 కావాల్సినచోట 100 ఉంటే లింకు అప్‌లోనే ఉంటుంది, ఎర్రర్ కౌంటర్లు సున్నాలోనే ఉంటాయి, వేగం మాత్రం పావు వంతే వస్తుంది. లింకు పెంచమని నెట్‌వర్క్ టీం మీద పడేవాళ్లు ముందు ‘క్రెడిట్ సున్నా’ కౌంటర్ చూడాలి. కొన్ని స్విచ్‌లలో దూరపు పోర్టులకి క్రెడిట్లు పెంచడానికి విడిగా లైసెన్సు కావాలి, పక్క పోర్టులు వదులుకోవాల్సి కూడా రావచ్చు. కొటేషన్‌లో ఈ ఐటెం ఉందో లేదో చూసుకోండి.

ఒకే ఫైబర్ జత మీద చాలా లింకులు పోవాలంటే ఒక్కోదానికి ఒక్కో కాంతి రంగు ఇచ్చి విడదీయాలి. తక్కువ ఛానెళ్లకి, యాంప్లిఫయర్ అక్కర్లేని దూరాలకి సీడబ్ల్యూడీఎం (రంగులు ఎడంగా ఉండే రకం) చవక. అంతకు మించితే డీడబ్ల్యూడీఎం (రంగులు దగ్గరదగ్గరగా ఉండే రకం). యాంప్లిఫయర్లు పెట్టుకుంటూ వందల కిలోమీటర్లు పోవచ్చు, 40 నుంచి 96 ఛానెళ్లు దొరుకుతాయి. ఫైబర్ ఛానెల్, ఈథర్నెట్, మెయిన్‌ఫ్రేమ్ ఫికాన్ అన్నీ ఒకే జత మీద పోతాయి.

డీడబ్ల్యూడీఎం కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్నల్లో నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది ప్రొటెక్షన్ దారి పొడవు. వర్కింగ్ దారి 60 కిలోమీటర్లు, రింగ్‌లో ఇంకో వైపు నుంచి పోయే ప్రొటెక్షన్ దారి 140 కిలోమీటర్లు అనుకోండి. దారి తెగితే ఆప్టికల్ పరికరం సాధారణంగా 50 మిల్లీసెకన్లలోపే అటు తిప్పేస్తుంది. ట్రాన్స్‌మిషన్ టీం రిపోర్టులో ‘విజయవంతం’ అని పడుతుంది. ఇటు స్టోరేజీలో లేటెన్సీ రెండింతలకు పైగా పెరుగుతుంది, 60 కిలోమీటర్లకి లెక్కేసి ఇచ్చిన క్రెడిట్లు చాలవు, థ్రూపుట్ సగానికి పడిపోతుంది, సింక్రనస్ కాబట్టి ప్రైమరీ డేటాబేస్ నీరసిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి రోజులు పడుతుంది, ఎందుకంటే ఎవరి స్క్రీన్‌లోనూ ఏదీ ఎర్రగా ఉండదు. క్రెడిట్లు ఎప్పుడూ పొడవాటి దారికే లెక్కేయండి. ఇంకా మంచిది, ఆప్టికల్ ప్రొటెక్షన్ తీసేసి రెండు దారుల్నీ రెండు వేర్వేరు ఫ్యాబ్రిక్‌లకి (శాన్ స్విచ్‌ల అల్లికలకి) ఇవ్వండి, ఫెయిలోవర్ పని మల్టీపాథింగ్‌కి (ఒక దారి పోతే ఇంకో దారి వాడే సాఫ్ట్‌వేర్‌కి) వదిలేయండి.

ఐపీ మీద పంపడం

దూరం వందల కిలోమీటర్లు దాటాక సొంత ఫైబర్ ఎవరికోగానీ అందదు. అప్పుడు ఎఫ్‌సీఐపీ. ఫైబర్ ఛానెల్ ఫ్రేములని టీసీపీ సొరంగంలో పెట్టి ఐపీ నెట్‌వర్క్ మీద పంపడం. 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3821గా ప్రమాణం అయింది. దానికి పోటీగా వచ్చిన ఐఎఫ్‌సీపీ కనుమరుగైంది, దాని గురించి ఎవరైనా చెబితే విని వదిలేయండి. ఎస్‌డీహెచ్ అనే పాత తరహా టెలికాం సర్క్యూట్ల మీద పంపడం కూడా ఒకప్పుడు బాగా నడిచింది, కొత్తగా వేసుకునే పద్ధతి మాత్రం కాదు.

ఎఫ్‌సీఐపీలో బాగుపడాలన్నా చెడిపోవాలన్నా టీసీపీ సెట్టింగులే మూలం. రౌండ్ ట్రిప్పు 40 మిల్లీసెకన్లున్న లింకులో విండో (జవాబు రాకముందే పంపగల డేటా) 64 కేబీ దగ్గరే ఆగిపోతే ఒక్క కనెక్షన్ 13 ఎంబీపీఎస్ దాటదు, మీరు 1 జీబీపీఎస్‌కి అద్దె కడుతున్నా సరే. ఆ గొట్టం నిండాలంటే 5 ఎంబీ డేటా దారిలో ఉండాలి, విండో దానికి తగ్గట్టు ఉండాలి. ప్యాకెట్ లాస్ ఇంకా పెద్ద శత్రువు. అదే 40 మిల్లీసెకన్ల లింకులో వెయ్యికి ఒక ప్యాకెట్ పోతే పాత తరహా టీసీపీ కనెక్షన్ 11 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే తచ్చాడుతుంది. అందుకే ఎక్స్‌టెన్షన్ పరికరాల్లో సమాంతర కనెక్షన్లు, సొంత కంజెషన్ పద్ధతులు, కనిష్ఠ-గరిష్ఠ వేగాల పరిమితులు ఉంటాయి. ప్రొవైడర్‌తో ఒప్పందంలో బ్యాండ్‌విడ్త్ ఒక్కటే రాయించుకుని ఊరుకోకండి. లాస్ ఎంత శాతం లోపు, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) ఎంత లోపు, దారి మారితే లేటెన్సీ ఎంత లోపు అన్నవి కూడా రాయించండి.

కంప్రెషన్ ఉంది కదా, సగం లింకు చాలు అనేవాళ్లుంటారు. డేటాబేస్ స్థాయిలోనే ఎన్‌క్రిప్ట్ అయిన డేటాని ఏ పరికరమూ పిండలేదు. లింకు మీద ఎన్‌క్రిప్షన్ కావాలంటే కంప్రెస్ చేసిన తర్వాతే చేయాలి. మీ డేటాతో టెస్టు చేయకుండా కంప్రెషన్ నిష్పత్తిని బడ్జెట్‌లో కలపొద్దు.

రెండో ప్రమాదం ఫ్యాబ్రిక్ కలిసిపోవడం. ఎఫ్‌సీఐపీ లింకు వేయగానే రెండు సైట్ల ఫ్యాబ్రిక్‌లూ ఒకటైపోతాయి. ఇక వందల కిలోమీటర్ల అవతల లింకు ఊగిసలాడినప్పుడల్లా ఇవతలి స్విచ్‌లన్నీ దారులు మళ్లీ లెక్కేస్తాయి, మార్పు కబురు సర్వర్లకీ చేరుతుంది. జోనింగ్‌లో (ఏ సర్వర్‌కి ఏ స్టోరేజీ కనబడాలో చెప్పే సెట్టింగులు) అవతల ఎవరో చేసిన పొరపాటు ఇవతలికి పాకుతుంది. రూటింగ్ పెట్టుకుంటే, అంటే సిస్కోలో ఇంటర్ వీశాన్ రూటింగ్, బ్రొకేడ్‌లో ఎఫ్‌సీ రూటింగ్, కావాల్సిన పోర్టులు మాత్రమే అవతలికి కనబడతాయి, ఫ్యాబ్రిక్‌లు విడివిడిగానే ఉంటాయి. ఎఫ్‌సీఐపీ తీసుకుంటే రూటింగ్ తప్పనిసరిగా తీసుకోవాలనే నేనంటాను. దీన్ని ఐచ్ఛికంగా రాసిన కొటేషన్‌ని తిప్పి పంపండి.

ఈ గొడవంతా వద్దనుకునేవాళ్లకి అర్రే సొంత ఈథర్నెట్ పోర్టుల మీద ఐపీ రెప్లికేషన్ ఉంది. ఫ్యాబ్రిక్ కలవదు, వేరే బాక్సు అక్కర్లేదు, చాలావాటిలో కంప్రెషన్ దాంట్లోనే ఉంటుంది. మధ్యరకం సంస్థలకి అసింక్రనస్ డీఆర్ కావాలంటే నా మొదటి సలహా ఇదే. లోటు ఏమిటంటే రెండు వైపులా అదే వెండర్ అర్రే ఉండాలి, ఒక్కోసారి అదే తరానిదై ఉండాలి. ఇవాళ కొన్న ఒప్పందం అయిదేళ్ల తర్వాతి కొనుగోలుకి కూడా మీ చేతులు కట్టేస్తుంది. పది రకాల అర్రేలు, మెయిన్‌ఫ్రేమ్, టేపు లైబ్రరీ అన్నీ ఒకే లింకు మీద పోవాలంటే మాత్రం ఎఫ్‌సీఐపీ పరికరమే మెరుగు.

ఇక ఐస్కజీతో (ఐపీ మీద నడిచే స్కజీ) దూరపు డిస్కుని నేరుగా ఇక్కడి సర్వర్‌కి మౌంట్ చేసి అదే డీఆర్ అనడం. చేయొద్దు. లింకు ఊగితే ఫైల్ సిస్టమ్ రీడ్‌ఓన్లీలోకి పోతుంది, సర్వరే వేలాడుతుంది.

అసలు శాన్‌ని సాగదీయాలా?

కాపాడాల్సింది రెండు మూడు డేటాబేసులే అయితే శాన్ జోలికి పోవద్దనే చెబుతాను. ఒరాకిల్ డేటా గార్డ్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆల్వేస్ ఆన్, పోస్ట్‌గ్రెస్ స్ట్రీమింగ్ రెప్లికేషన్ పంపేది లాగ్ మాత్రమే. స్టోరేజీ రెప్లికేషన్ అయితే లాగూ పోతుంది, ఆ మార్పే మళ్లీ డేటా ఫైల్ బ్లాకుగానూ పోతుంది, జాగ్రత్తగా వేరుచేయకపోతే టెంప్ ఫైళ్లూ పోతాయి. బ్యాండ్‌విడ్త్ తేడా ఎక్కువే ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, స్టోరేజీకి బ్లాకు లోపల ఏముందో తెలియదు, పాడైన బ్లాకుని కూడా నమ్మకంగా మోసుకుపోతుంది. డేటాబేస్ అవతల లాగ్‌ని చదివి తన చేత్తో రాసుకుంటుంది కాబట్టి ప్రైమరీ డిస్కులో పాడైన బ్లాకు అటు పోదు.

డేటాబేసులు ముప్పై, ఫైల్ సర్వర్లు, పాత అప్లికేషన్లు, ఎవరికీ పూర్తిగా అర్థంకాని మధ్యవర్తి సిస్టమ్స్ ఉన్నచోట ఒక్కోదానికి ఒక్కో రెప్లికేషన్ పెట్టుకుంటూ పోతే నిర్వహణకే మనుషులు చాలరు. స్టోరేజీ స్థాయి రెప్లికేషన్ అక్కడ గెలుస్తుంది, అన్నిటినీ ఒకే గడియారం మీద ఆపగలదు కాబట్టి.

ఆ ఒకే గడియారం పేరు కన్సిస్టెన్సీ గ్రూపు. డేటా ఫైళ్లు ఒక లన్‌లో (అర్రే సర్వర్‌కి ఇచ్చే డిస్కు భాగం), లాగ్ ఇంకో లన్‌లో ఉన్నాయనుకోండి. ప్రమాదం ఒక్క క్షణంలో జరగదు. ముందు ఒక పోర్టు పోతుంది, కొన్ని సెకన్లకి ఇంకోటి. మొదటి లన్ రెప్లికేషన్ ఆగిపోయి రెండోది నడుస్తూ ఉంటే, అవతల లాగ్ ముందుంటుంది డేటా వెనకుంటుంది, లేదా ఇంకా ఘోరంగా డేటా ముందుండి లాగ్ వెనకుంటుంది. రెండో రకాన్ని ఏ డేటాబేసూ తెరవదు. గ్రూపులో పెడితే ఒకటి ఆగగానే అన్నీ అదే బిందువు దగ్గర ఆగుతాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకునే అప్లికేషన్ల లన్‌లన్నీ ఒకే గ్రూపులో ఉండాలి. రెండు అర్రేలకి విస్తరించిన అప్లికేషన్ ఉంటే గ్రూపు అర్రేలు దాటి పనిచేస్తుందో లేదో అడగండి. చాలాచోట్ల పనిచేయదు.

రెండు సైట్లలోనూ ఒకే వాల్యూమ్‌కి రాసే స్ట్రెచ్డ్ క్లస్టర్ గురించి క్లుప్తంగా. సాధారణంగా 5 మిల్లీసెకన్ల రౌండ్ ట్రిప్పు దగ్గర గీత ఉంటుంది, కొన్ని 10 దాకా ఒప్పుకుంటాయి. లింకు పోతే రెండు సైట్లూ నేనే యజమానిని అనకుండా మూడో చోట సాక్షి కావాలి, ఆ సాక్షికి దారులు కూడా వేరుగా ఉండాలి. ఒక డేటాసెంటర్ పోయినా పని ఆగకూడదనుకుంటే ఇది చాలా బాగుంటుంది. ప్రాంతీయ విపత్తుకి ఇది జవాబు కాదు.

తెగినప్పుడు ఎవరు ఆగాలి

ఇక్కడ చెప్పేవి సెట్టింగుల్లాగే కనిపిస్తాయి, కానీ ఎటు పెట్టాలన్నది బిజినెస్ తేల్చాలి. డెల్ ఈఎంసీ ఎస్‌ఆర్‌డీఎఫ్‌లో డోమినో మోడ్, హిటాచీ ట్రూకాపీలో ఫెన్స్ లెవెల్, డేటా గార్డ్‌లో మ్యాగ్జిమమ్ ప్రొటెక్షన్, అన్నీ అడిగేది ఒకటే: కాపీకి రాయలేకపోతే ప్రైమరీని ఆపాలా, నడవనివ్వాలా? డేటా పోకూడదనేవాళ్లు ఆపుతారు, సేవ ఆగకూడదనేవాళ్లు నడవనిస్తారు. స్టోరేజీ ఇంజనీరు తనకు తోచినట్టు డిఫాల్ట్ వదిలేయడానికి వీల్లేదు. నడవనిచ్చేలా పెట్టినా టైమ్‌అవుట్ ఉంటుంది. డేటా గార్డ్‌లో నెట్ టైమ్‌అవుట్ డిఫాల్ట్ 30 సెకన్లు. అంటే నడవనిచ్చే మ్యాగ్జిమమ్ అవైలబిలిటీ మోడ్‌లో కూడా స్టాండ్‌బై (అవతలి కాపీ) చడీచప్పుడు లేకుండా మాయమైతే కమిట్లు అంతసేపు వేలాడొచ్చు. మీ అప్లికేషన్ సర్వర్ కనెక్షన్ పూల్ 30 సెకన్లు తట్టుకుంటుందా?

పూర్తిగా తెగడం కంటే ఊగిసలాట ప్రమాదం. లింకు వచ్చిన ప్రతిసారీ రీసింక్ (వెనకబడ్డ కాపీని మళ్లీ సరిచేయడం) మొదలవుతుంది. రీసింక్ నడుస్తున్నంతసేపూ మారిన బ్లాకులు రాసిన క్రమంలో పోవు, కాబట్టి అవతలి కాపీ ఆ సమయంలో దేనికీ పనికిరాదు. అప్పుడే ప్రైమరీ పోతే పాతదైనా తెరుచుకునే కాపీ ఒకటి మిగలాలి. రీసింక్‌కి ముందు అవతల స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) దానంతటదే తీసే ఏర్పాటు ఉందా అని అడగండి. ఆ స్నాప్‌షాట్లు మార్చడానికీ చెరపడానికీ వీల్లేనివైతే రాన్సమ్‌వేర్‌కి కూడా పనికొస్తాయి, ఎందుకంటే ఇవతల ఎన్‌క్రిప్ట్ అయిన చెత్తని రెప్లికేషన్ అంతే శ్రద్ధగా అటు పంపుతుంది.

రెండు ప్రొవైడర్లు అంటే రెండు దారులని అర్థం కాదు. 2001 జులై 18న బాల్టిమోర్‌లో హోవర్డ్ స్ట్రీట్ సొరంగంలో గూడ్స్ రైలు పట్టాలు తప్పి మంటలు లేస్తే, ఆ ఒక్క సొరంగంలోంచి పోతున్న పలు కంపెనీల ఫైబర్ ఒక్కసారే దెబ్బతింది. ఇన్‌వాయిస్‌ల మీద పేర్లు వేరు, గొట్టం ఒకటే. దారుల మ్యాపులు ఒకదాని మీద ఒకటి పరిచి చూడండి. ఇవ్వం అనే ప్రొవైడర్ దగ్గర రెండో లింకు తీసుకోవద్దు.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

ఫైబర్ పొడవు 100 కిలోమీటర్లలోపు ఉండి, ఒక్క లావాదేవీ కూడా పోకూడని అప్లికేషన్ ఉంటే: రెండు వేరు దారుల్లో డార్క్ ఫైబర్ లేదా డీడబ్ల్యూడీఎం, అర్రే సింక్రనస్, రెప్లికేషన్‌కి విడి పోర్టులు, విడి ఫ్యాబ్రిక్. సర్వర్ల ట్రాఫిక్‌తో కలిపితే దూరపు లింకులో క్రెడిట్ల కరువు వెనక్కి పాకి లోకల్ డిస్కు చదవడాన్ని కూడా నెమ్మది చేస్తుంది. ఆ అప్లికేషన్లు ఎన్నో లెక్కపెట్టండి. సున్నా కావాలని అందరూ అంటారు, దాని ఖర్చు చూపించాక జాబితా తనంతట తానే చిన్నదవుతుంది.

100 నుంచి 300 మధ్య ఉన్నవాళ్లు ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న పరిస్థితిలో ఉంటారు. సింక్రనస్‌ని ఇంత దూరం అనుమతించే ఉత్పత్తులున్నాయి, ఐబీఎం మెట్రో మిర్రర్ 300 కిలోమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. అనుమతి ఉన్నంత మాత్రాన మీ బ్యాచ్ తట్టుకుంటుందని కాదు. నేను అసింక్రనస్‌కే మొగ్గుతాను. లాగ్ ఒక్కటీ సున్నా నష్టంతో కావాలంటే దగ్గర్లో చిన్న లాగ్ రిసీవర్ పెట్టి అక్కణ్నుంచి దూరానికి పంపే పద్ధతి చూడండి. ఒరాకిల్ 12సీ నుంచి ఫార్ సింక్ చేసేది అదే.

అంతకు మించిన దూరానికి అసింక్రనస్ తప్ప దారి లేదు. అర్రేలు ఒకే రకమైతే వాటి ఐపీ రెప్లికేషన్, రకరకాలుంటే ఎఫ్‌సీఐపీతోపాటు రూటింగ్, డేటాబేసులు రెండు మూడే అయితే శాన్‌కి ఏమీ చేయకుండా లాగ్ షిప్పింగ్ (డేటాబేసే లాగ్ పంపుకోవడం).

ఏది తీసుకున్నా పర్చేజ్ ఆర్డర్‌లో అంగీకార పరీక్షగా ఈ మూడూ రాయించండి. పీక్ లోడ్‌లో, అప్లికేషన్ యజమాని పక్కన ఉండగా, రెండు లింకులూ ఒకేసారి పీకి అప్లికేషన్ ఎంతసేపు వేలాడిందో నమోదు చేయాలి. తర్వాత లింకుని ప్రతి ముప్పై సెకన్లకీ ఒకసారి చొప్పున పావుగంటపాటు పీకుతూ పెడుతూ, అవతలి స్నాప్‌షాట్ నుంచి డేటాబేస్ తెరవాలి. చివరిగా డీఆర్‌కి మారి, అక్కడ ఒక పూర్తి పనిదినం నడిపి, మారిన డేటాతో ప్రైమరీకి తిరిగి రావాలి. తిరిగి రావడానికి పట్టిన గంటలు వెండర్ చెప్పిన లెక్కని దాటితే ఆఖరి చెల్లింపు ఆగాలి.